మోటారు లైసెన్సు పరీక్ష

ఇటీవల ఒకనాటి యుదయమున నేను నా మేనకోడలికి తోడుగా మోటారు లైసెన్సు పరీక్ష జరుగు మైదానమునకు పోయితిని. ఆ పిల్ల చదువు ముగించి క్రొత్తగా ఒక కొలువున చేరినది. కారు నడుపుట నేర్చెదనని పట్టుపట్టి నేర్చినది. తండ్రికి తీరిక లేదు. మేనమామను గనుక తోడుపోవు పని నాపై బడెను. ఆ మైదానమున మేము మూడు గంటలు వేచియుంటిమి. పరీక్ష నాలుగు నిమిషములలో ముగిసెను. ఆ మూడు గంటలలో చూచినదియు, ఆ నాలుగు నిమిషములలో చూచినదియు, ఇంటికి వచ్చు దారిలో జరిగినదియు కలిసి నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినవి. క్రొత్తగా బండి నడుప నేర్చినవారికి మనము పెట్టు పరీక్ష తగినంత కఠినముగా నున్నదా యను సంగతిని నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మీలో లైసెన్సు గలవారు ఆ మైదానమును ఎఱిగియే యుందురు. లేనివారి కొఱకు చెప్పెదను. ఇంగ్లీషు అంకెలలోని ఎనిమిది యాకారమున ఒక బాట యుండును. హెచ్ అను అక్షరము ఆకారమున మఱియొక బాట. ఇరుప్రక్కల గొట్టములు పాతియుందురు. ఒక మూల చిన్న మిట్ట; దానిపై బండిని నిలిపి, వెనుకకు జారకుండ మరల ముందునకు పోనీయవలెను. ద్విచక్రవాహనము వారు ఎనిమిది చుట్టునపుడు కాలు నేల మోపరాదు. కారువారు వెనుకకు వచ్చునపుడు గొట్టమును తాకరాదు. కొన్ని పట్టణములలో ఇప్పుడు మనుష్యునికి బదులు యంత్రములే ఈ తాకుడును కనిపెట్టి లెక్కవేయుచున్నవి. తక్కినచోట్ల ఆ పని బ్రేకు ఇన్‌స్పెక్టరుగారిది. మోటారు వాహనముల తనిఖీ యధికారికి మన జనము పెట్టిన పేరిది. బండిలో స్టీరింగు, గేరు, క్లచ్చి మొదలగున వెన్నియో యుండగా బ్రేకు నొక్కదానినే యేఱి ఆయనకు తగిలించిన వారెవరో గాని, లోకజ్ఞానము కలవారే. బండి కదలుటకన్న ఆగుట ముఖ్యమని వారెఱుగుదురు.

మా ప్రక్కన ఒక డ్రైవింగు స్కూలు గురువు తన శిష్యులకు కడపటి పాఠము చెప్పుచుండెను. "మూడో గొట్టం నీ భుజం దగ్గరికి రాగానే స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పు. అద్దంలో తెల్లగీత కనబడగానే విడిచిపెట్టు. ఇంకేమీ చూడకు" అని యాతడు ఒక్కొక్కరికి చెప్పి పంపుచుండెను. ఆ పాఠమును నేను తప్పుపట్టను. ఆ పరీక్షకు అదియే సరియైన పాఠము. అట్లు చేసినవారందఱు ప్యాసయిరి. గొట్టములనుండి కన్ను మరలించి ఇటునటు చూచిన యొక పెద్దమనిషి మాత్రము ఒక గొట్టమును పడగొట్టి పరీక్ష తప్పెను. ఆయన యేమి చూచుచుండెనో యని నేను వెదకితిని. మైదానము గట్టున ఒక చిన్నపిల్లవాడు బంతి నాడుకొనుచు బాటవైపునకు వచ్చుచుండెను. ఆయన వానిని చూచుచుండెను.

నా మేనకోడలు ఏ గొట్టమును తాకలేదు. మిట్టపై బండి వెనుకకు జారలేదు. ఇన్‌స్పెక్టరుగారు తల యూపిరి, అంతటితో ముగిసినది. లైసెన్సు కార్డు చేతికి వచ్చుటకు ఇంకను కొన్ని దినములు పట్టును గనుక బండికి కట్టిన ఎల్ పలకను తీయలేదు. నేను ప్రక్కన కూర్చుండగా ఇంటివఱకు తానే నడిపెదనని ఆమె బయలుదేరెను.

బస్టాండు దాటినపిదప రైతుబజారు నెదుట రోడ్డుమీద తెల్లని చారలు గీసియున్నవి. అచట దీపస్తంభము లేదు, పోలీసు లేడు. పూలబుట్ట నెత్తిన బెట్టుకొనిన యొక ముసలమ్మ రోడ్డు దిగి ఆ చారలపై నడచుచుండెను. నా మేనకోడలి చూపు అద్దములో నుండెను. వెనుకనుండి ఒక లారీ హారను మ్రోగించుచు వచ్చుచుండెను. నేను కేకవేసి చేతిబ్రేకు లాగితిని. బండి ముసలమ్మకు మూరెడు దూరమున నిలిచెను. ఆమె మమ్ము తిట్టలేదు. ఒకసారి చూచి, బుట్ట సవరించుకొని, దాటిపోయెను. తిట్టినను నాకింత బాధ లేకపోవునేమో. దినమున కెన్నిమారులు ఆమెకిట్లు జరుగుచున్నదో యని తోచినది.

కొంతసేపటికి మేనకోడలు నోరు విప్పెను. "మామయ్యా, ఆవిడ దిగుతుందని నేను అనుకోలేదు. గ్రౌండులో ఎవరూ అడ్డం రారుగా!" అనెను. ఆమె కన్నులు నీటితో నిండియుండెను. నేను కోపపడలేకపోతిని. పిల్ల చెప్పినది నిజము. ఆమె నేర్చినదానిలో తప్పులేదు. ఆమెకు నేర్పినదానిలో ఆ ముసలమ్మ లేదు.

ఇంటికి వచ్చి 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలను తెఱచితిని. పరీక్షను గూర్చి చెప్పునది అందు పదునైదవ నిబంధన. దానిని చదివి నేను ఆశ్చర్యపడితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. లైసెన్సు జేబులో పెట్టుకొని తిరుగుచు దానినెన్నడును నేను చదివియుండలేదు. పరీక్షార్థి యేమేమి చేసి చూపవలెనో అందు వరుసగా వ్రాయబడి యున్నది. బయలుదేరుటకు ముందు అద్దము సరిచేసికొనవలెను. పై గేరునుండి క్రింది గేరునకు సమయోచితముగా మారవలెను. మిట్టపై నిలిపి జారకుండ కదలవలెను. ఇవి మన మైదానములో కొంతవఱకు చూచుచున్నవే. పిమ్మట వచ్చునవి వేఱు. ఇతర వాహనములను దాటిపోవుట, తన్ను దాటనిచ్చుట, ఎదురుపడినప్పుడు జాగ్రత్తతో తప్పుకొనుట చూపవలెను. రోడ్డు స్థితినిబట్టియు, రద్దీనిబట్టియు వేగము మార్చుకొనవలెను. దీపములు గాని పోలీసులు గాని లేని దాటుచోట, దాటుచున్న పాదచారికి ముందు దారి ఇయ్యవలెను. రాబోవుదానిని ముందే ఊహించుట, మంచి వివేచన, ఏకాగ్రత, ఇవి యున్నట్లు కనబఱచవలెను.

ఈ జాబితాను కూర్చినవారు రోడ్డు నెఱిగినవారు. రైతుబజారు నెదుటి ముసలమ్మను వారు 1989లోనే చూచియున్నారు. ఆమెకు ముందు దారి ఇచ్చునా లేదా యని చూచి మఱి లైసెన్సు ఇయ్యుడని వ్రాసియే పెట్టిరి. కావున మన పరీక్ష కఠినముగా లేదని యనుటకు వీలులేదు. పుస్తకములోని పరీక్ష కఠినముగనే యున్నది. మైదానములో జరుగునది ఆ పరీక్షలోని నాలుగైదు వాక్యములు మాత్రమే. పాదచారి లేని మైదానములో పాదచారికి దారి ఇచ్చుట నెట్లు పరీక్షింతురు? దాటవలసిన బండి లేనిచోట దాటుట నెట్లు చూతురు?

ఈ పరీక్ష యనునది మోటారుతోడనే పుట్టినది కాదు. బ్రిటను దేశమున 1903వ సంవత్సరపు చట్టము లైసెన్సును పెట్టెనేగాని పరీక్షను పెట్టలేదు. అయిదు షిల్లింగులు చెల్లించినవారికి లైసెన్సు దొరకెడిది. ముప్పది యేండ్లు అట్లే సాగెను. 1934లో ఆ దేశపు రోడ్లపై 7,343 మంది చనిపోయిరి. ఆనాడు అక్కడ తిరుగు మోటారు బండ్లు ఇరువదియైదు లక్షలకు మించవు. ఆ సంవత్సరముననే చట్టము చేసి, 1935 మార్చిలో కోరినవారికి పరీక్షలు మొదలుపెట్టి, జూను 1వ తేదీనుండి 1934 ఏప్రిలు 1వ తేదీకి పిమ్మట నడుపుట ఆరంభించిన వారందఱికిని తప్పనిసరి చేసిరి. రుసుము ఏడున్నర షిల్లింగులు. ఇందు నాకు మిక్కిలి నచ్చిన విషయ మొకటి కలదు. ఆ తొలినాళ్లలో పరీక్షాకేంద్రములు లేవు. పరీక్షకుడు రైలుస్టేషను నొద్దనో, పురభవనము నొద్దనో, ఉద్యానము నొద్దనో అభ్యర్థిని కలిసికొని, అతని ప్రక్కన కూర్చుండి ఊరిలోనికి పోయెడివాడు. కేంద్రములు లేకపోవుట లోపమే; ఆ లోపము వలన పరీక్ష మొదటిదినమునుండియు వీధిలోనే జరిగెను. మనకు మైదానములు కుదిరినవి, వీధి తప్పిపోయినది.

యుద్ధకాలమున అక్కడ పరీక్షలను నిలిపివేసి 1946 నవంబరులో మరల ప్రారంభించిరి. 1996లో నిబంధనల జ్ఞానమునకు ప్రత్యేకముగ ఒక వ్రాతపరీక్ష చేర్చిరి. 2002లో దానికి తోడుగా వచ్చినది అపాయమును ముందే పసిగట్టు పరీక్ష. ఇది వినదగినది. అభ్యర్థికి తెరపై పదునాలుగు చిన్న చలనచిత్రములు చూపుదురు. అన్నియు కారులో కూర్చుండి చూచుచున్నట్లే యుండును. ఆగియున్న బండి వెనుకనుండి ఒక కాలు కనబడును. లేక సందులోనుండి ఒక సైకిలు చక్రము. అపాయము రూపుకట్టుచుండగా అభ్యర్థి మీట నొక్కవలెను. ఎంత త్వరగా నొక్కినచో అన్ని మార్కులు. ఆలస్యమైనకొలది అయిదునుండి తగ్గి సున్నకు దిగును. మొత్తము 75 మార్కులకు 44 రావలెను. అటుపిమ్మట సుమారు నలుబది నిమిషములు వీధులలో నడిపింతురు. చిన్న తప్పులు పదునైదింటివఱకు క్షమింతురు. పెద్దది యొక్కటి చేసినను తప్పినట్లే. ఇటీవలి సంవత్సరములలో ఆ పరీక్షకు కూర్చున్నవారిలో సగము మందికూడ ప్యాసగుట లేదు.

ఇచట లైసెన్సు తీసికొని ఆ దేశమున కాపురముండబోయిన మన తెలుగువారు ఈ పరీక్షను బాగుగా నెఱుగుదురు. భారతదేశపు లైసెన్సుతో వారు అచట పండ్రెండు నెలలు మాత్రమే నడుపవచ్చును. పిదప ఆ పరీక్షకు కూర్చుండవలసినదే. నా మిత్రుని కుమారుడొకడు హైదరాబాదులో ఎనిమిదేండ్లు కారు నడిపినవాడు, అక్కడ రెండుమారులు తప్పెను. మలుపు తిరుగుటకు ముందు అద్దము చూడలేదని ఒకసారి. దాటుచోట నిలిచిన మనిషిని చూచియు వేగము తగ్గింపలేదని ఒకసారి. "నాన్నా, నేను ఎవరినీ గుద్దలేదు, అయినా ఫెయిల్ చేశారు" అని వాడు ఫోనులో వాపోయెనట. మూడవమారు ప్యాసయిన తరువాత, మొదటి రెండుమారులును వారు చేసిన పని సరియైనదే యని యొప్పుకొనెను. ఇది మిత్రుడే నాకు చెప్పెను.

ఇదంతయు విని మీరు, అయినచో మన ఇన్‌స్పెక్టరులుకూడ సగము మందిని తప్పింపవలెను, అప్పుడుగాని బుద్ధి రాదు అని యందురేమో. మాయింటిలోనే పెద్దలు కొందఱు ఈ మాట యనిరి. దీనితో నేను ఏకీభవింపను. 2004, 2005 సంవత్సరములలో ఢిల్లీ నగరమున కొందఱు అర్థశాస్త్రజ్ఞులు లైసెన్సు కోరు 822 మందిని తీసికొని ఒక పరిశోధన చేసిరి. వారిని చీట్లు వేసినట్లు మూడు తెగలుగా విభజించిరి. ఒక తెగవారికి త్వరగా లైసెన్సు తెచ్చుకొన్నచో బహుమానము. ఒక తెగవారికి ఉచితముగ డ్రైవింగు పాఠములు. మూడవ తెగవారికి ఏమియు లేదు. మొదటి రెండు తెగలవారును ఎక్కువ సంఖ్యలో లైసెన్సులు తెచ్చుకొనిరి. కాని బహుమానమున కాశపడినవారు ఏజెంట్ల చేతులలో సొమ్ము పోసి, నడుపుట రాకయే లైసెన్సు పట్టుకొనివచ్చిరి. పరిశోధకులు లైసెన్సు వచ్చినవారిని మరల స్వయముగా పరీక్షింపగా, వారిలో సగమునకు మించి తగినంత నేర్పు లేనివారని తేలెను. 2007లో ప్రకటింపబడిన ఆ పరిశోధన చదివిన తరువాత నాకు ఒకటి స్పష్టమైనది. నేర్చినవాడు ప్యాసగునన్న నమ్మకము, నేరనివాడు తప్పునన్న నమ్మకము రెండును పోయినచోట పరీక్షను ఇంకను బిగించినచో ఏజెంటు ధర పెరుగును, అంతే. గొట్టముల నడుమ దూరము రెండంగుళములు తగ్గించుట వలన ముసలమ్మకు మేలు కలుగదు.

ఢిల్లీ మాట యెందుకు? నా మాటయే చెప్పెదను. ఇది నేను బహిరంగముగ ఎన్నడును చెప్పియుండలేదు.

నేను 1983లో లైసెన్సు తీసికొంటిని. ఏ యూరిలోనో, ఏ కార్యాలయములోనో చెప్పను. అప్పటివా రిప్పుడు లేరు. ఒక ఏజెంటు నా కాగితములు సిద్ధము చేసెను. ఎంత పుచ్చుకొనెనో గుర్తులేదు, ఎక్కువ కాదు. పరీక్షకు డ్రైవింగు స్కూలు బండి తెచ్చిరి. ఆ బండ్లలో నేర్పువాని కాళ్లయొద్దకూడ బ్రేకు, క్లచ్చి ఉండును గదా. వేపచెట్టు దాక పోయి తిరిగిరమ్మని యాజ్ఞ యయ్యెను. పోయితిని, వచ్చితిని. స్టీరింగు నేను పట్టుకొంటిని. తక్కినది ప్రక్కవాని కాళ్లు చేసినవి. నాకు అప్పటికి ఒంటరిగా నడిపిన అనుభవమే లేదు. రాత్రివేళ నడుపుట సరేసరి.

నాలుగవ నెలలో, ఆషాఢమున, ఒక సాయంకాలము వాన కురియుచుండగా పొరుగూరినుండి వచ్చుచుంటిని. చీకటిపడెను. ఎదురుగా వచ్చు లారీ దీపములు తగ్గింపలేదు. తడిసిన అద్దముపై ఆ వెలుగు చిమ్మి ఏమియు కనబడలేదు. అట్టి సమయమున వేగము తగ్గించి రోడ్డు ఎడమయంచును చూచుచు పోవలెనని ఇప్పుడెఱుగుదును. అప్పుడు నేను కన్నులు చికిలించి, అదే వేగముతో, తెలియనిదానిలోనికి పోయితిని. సైకిలుపై పాలక్యానులు కట్టుకొని పోవుచున్న యొకాయన నా బండి క్రింద బడెను. తొడయెముక విఱిగెను. క్యానులు దొర్లి ఆ తారురోడ్డుపై పాలు వాననీటితో కలిసి పాఱుట నాకిప్పటికిని కనబడుచుండును.

ఆయనను ఆసుపత్రిలో చేర్చితిని. రెండు నెలలు అచటనే యుండెను. మొదటిదినమున నేను మంచము ప్రక్కన నిలిచియుండగా, "లైటు కళ్లలో కొట్టిందా బాబూ?" అని ఆయనయే నన్నడిగెను. బయటికి వచ్చిన పిదప ఆయన మరల సైకిలు త్రొక్కలేకపోయెను. ఉన్న రెండు గేదెలను అమ్మివేసెను. న్యాయస్థానమున నేను జుల్మానా చెల్లించితిని. నా లైసెన్సు చూపుమనిరి, చూపితిని. దానియందు దోషమేమియు లేదనిరి. ముద్ర, సంతకము, తేదీ అన్నియు సక్రమముగనే యుండెను.

ఆ కాగితము నిజమైనదని అధికారులందఱును చెప్పిరి. అందువలననే పరీక్షను గూర్చి మాటలాడునపుడు నేను చీకటిని, వానను మఱవలేను. మన పరీక్షలు చాలవఱకు పగటివేళ, ఎండలో జరుగును. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున, ఇరువదియైదేండ్లలోపు వారు పరీక్షకు రాకముందు 120 గంటలు పెద్దల తోడుతో నడిపినట్లు పుస్తకములో వ్రాసి చూపవలెనని నియమము. అందులో 20 గంటలు రాత్రివేళ. న్యూజిలాండు వారు 1987లో ఇంకొక మార్గము త్రొక్కిరి. పరీక్ష ప్యాసయినను పూర్తి స్వాతంత్ర్యము నీయక, కొంతకాలము రాత్రి పదిగంటలనుండి తెల్లవాఱుజాము అయిదువఱకు ఒంటరిగా నడుపరాదని కట్టడిచేసిరి. ఒక్కదినపు పరీక్షపై భారమంతయు మోపక, నేర్చుకొను కాలమును పొడిగించుట ఈ రెంటియందును గల కిటుకు. పరీక్షనాడు అందఱును సాధువులే గదా. మన చట్టము ఎల్.ఎల్.ఆర్. వచ్చిన ముప్పది దినములకుగాని పరీక్షకు రానీయదు. మంచిదే. కాని ఇంటివద్ద నేర్చువాడు ఆ ముప్పది దినములలో ముప్పది గంటలు నడిపెనో, బండిని చెట్టుక్రింద నిలిపి తుడుచుచుండెనో అడుగువారు లేరు.

ఇచట ఒక హెచ్చరిక చేసికొనవలెను. 2022లో మనదేశపు రోడ్లపై 1,68,491 మంది చనిపోయినట్లు ప్రభుత్వము ప్రకటించినది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారు. నూటికి 19 మందికి పైగా పాదచారులు. వీరందఱును క్రొత్తవారి చేతులలో చచ్చిరని నేననను. ఆ లెక్కలలోనే అతివేగము అన్నిటికన్న పెద్ద కారణముగా కనబడుచున్నది. అతివేగముగా పోవువారిలో పాతకాపులే ఎందఱో. రోడ్లు చెడ్డవి, దీపములు లేవు, రాంగు రూటున వచ్చువారికి లెక్కలేదు. పరీక్ష ఇన్నింటిని బాగుచేయజాలదు. అయినను, రోడ్డుపైకి వచ్చు ప్రతిమనిషితోను ప్రభుత్వము ఒక్కసారియైన ఎదురెదుట కూర్చుండి మాటలాడు సందర్భము ఇదియొక్కటే. దానిని నాలుగు నిమిషములలో ముగించుట నాకు సహింపరాకున్నది.

నిమిషముల సంగతి వచ్చినది గనుక చెప్పెదను. ఇన్‌స్పెక్టరులను ఆడిపోసికొనుట సులభము. ఆరుగంటలలో నూరుగురిని పరీక్షింపవలసివచ్చినచో ఒక్కొక్కరికి మూడున్నర నిమిషములు దక్కును. ఆ యెండలో ఆ వేళకు నేనైనను, మీరైనను గొట్టము తాకెనా లేదా యనుటకన్న ఎక్కువ యేమి చూడగలము? 2024లో కేరళ రాష్ట్రమువారు దినమున కిందఱినే పరీక్షింపవలెనని మొదట ముప్పది సంఖ్యను నిర్ణయించి, రోడ్డుమీది పరీక్షను గట్టిచేయబోయిరి. డ్రైవింగు స్కూళ్లవారు ఆందోళన సల్పిరి. పరీక్షలు కొన్నిదినములు నిలిచిపోయినవి. తుదకు ఆ సంఖ్యను పెంపవలసివచ్చెను. రోగము వారు పట్టిన చోటనే యున్నదని నా నమ్మకము. ఇన్‌స్పెక్టరులను పెంపక సంఖ్యను తగ్గించినచో పేదవాడు నెలలతరబడి వేచియుండవలసివచ్చుననుటయు నిజమే. ఆటో నడిపి బ్రదుకదలచినవానికి ఒకదినపు కూలి పోయినచో ఇంటిలో పొయ్యి రాజదు. కఠినత్వము పేర వానిని పదిమారులు త్రిప్పరాదు. చట్టముకూడ దీనిని తలచినది; తప్పినవాడు ఏడుదినములకు మరల రావచ్చును; మూడుమారులు తప్పినవాడు అరువది దినములు ఆగవలెను. అట్టివాడు మరల శిక్షణ పొందిమఱి రావలెనని 2019 సవరణలో చేర్చిరి. ఇది నాకు నచ్చినది. తప్పినవానికి శిక్షకు బదులు పాఠము దొరకును.

2021 జూలైనుండి మఱియొక పద్ధతియు వచ్చినది. ప్రభుత్వపు గుర్తింపు పొందిన శిక్షణకేంద్రములలో కారువారు నాలుగు వారములలోపల 29 గంటల పాఠము ముగించి ప్యాసయినచో, వారికి ఆర్.టి.ఓ. ఆఫీసు పరీక్ష అవసరము లేదు. 29 గంటలు నేర్పుట మన దేశమున గొప్ప ముందడుగే. కాని నేర్పినవాడే ప్యాసుచేయుట నాకంతగా రుచింపలేదు. రుసుము తీసికొనినవాడు విద్యార్థిని తప్పించుట యెంత కష్టమో ట్యుటోరియలు కాలేజీలు చూచినవారికి చెప్పనక్కరలేదు. పాఠము వారు చెప్పుదురు గాక. ఒక్క యిరువది నిమిషములు, వారికి సంబంధము లేనివా రొకరు, బజారులోనుండి పోయి రమ్మనినచో నష్టమేమి? ఆ బజారులో ఒక దాటుచోటు, ఒక బడి, ఒక బస్సుస్టాపు ఉన్నచో పదునైదవ నిబంధన తనంతట తానే పరీక్షింపబడును.

మా మేనకోడలి మాటతో ఈ ప్రసంగమును ఆరంభించితిని. ఆమె లైసెన్సు కార్డు పదిదినములకు టపాలో వచ్చెను. అద్దమునుండి ఎల్ పలక నింకను తీయలేదు; నేను చెప్పినదికాదు. ప్రతిసాయంకాలము దీపములు పెట్టువేళకు మేమిద్దఱము బయలుదేరి, రైతుబజారు, బస్టాండు, బైపాసు చుట్టి వచ్చుచున్నాము. ఎన్ని గంటలైనదో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుచున్నది. ఎదుటినుండి లారీ దీపములు పడినపుడు వేగము తగ్గించి ఎడమయంచు చూడుమని చెప్పితిని, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఈ ప్రసంగము వినుచుండునేమో. నిన్న సాయంకాలము ఉన్నట్లుండి పెద్దవాన పట్టెను. నేటికి మానుదమనుకొని నేను పడకకుర్చీలో వాలితిని. ఆమె తాళపుచెవి చేతబట్టుకొని వచ్చి, "లే మామయ్యా, ఇవాళ వాన పడుతోంది. పోదాం పద" అనెను.